అడిగి తెచ్చిన సున్నా

2018 ఫిబ్రవరి 12, సోమవారం, ఉదయం తొమ్మిదీ ఇరవై. ఆ రోజు నా డైరీలో నాలుగే వాక్యాలున్నాయి. "ఉద్యోగంలో మొదటి రోజు. గదిలో విపరీతమైన చలి. పక్క బల్ల ఆయన తెలుగువాడు, బాపట్ల వైపు. అవునుల్ని కూడవచ్చునట."

ఆ పక్క బల్ల ఆయన 2025 జూన్ 5, గురువారం, మధ్యాహ్నం రెండూ పదికి పోయారు. నాకు ఫోన్ వచ్చింది నాలుగూ ఐదుకి. ఆ వారం పాత డైరీలు ఎనిమిదీ అలమరలోంచి దించి చదివాను. ఆయన గురించి రాయాలనుకుంటున్నానని చెబితే ఆయన భార్య ఒప్పుకుంది గానీ పేరు వద్దంది. "పేరుతో రాస్తే ఆయనకి సిగ్గు ఆంటీ" అంది, ఇంకా ఇంట్లోనే ఉన్న మనిషి గురించి చెబుతున్నట్టు. కాబట్టి పేరు రాయడం లేదు. ఏం చదివారో, ఎన్ని ఉద్యోగాలు మారారో కూడా రాయను. అవి నేను చూసినవి కావు.

నా సంగతి రెండు ముక్కలు చెప్పకపోతే తరవాతది అర్థం కాదు. నేను కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు పట్టికలు వేశాను. ఎంత వాన పడింది, ఎన్నెకరాల్లో నాట్లు పడ్డాయి, ఎన్ని పశువులున్నాయి. అడ్డం కూడినా నిలువు కూడినా మొత్తం ఒకటే రావాలి. రాకపోతే ఆ రోజు ఇంటికి కదిలేదాన్ని కాదు. రిటైరయ్యాక విదేశంలో, డార్విన్ అనే ఊళ్ళో నర్సుగా ఉన్న మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. అరవై ఆరో ఏట, ఊరికే కూర్చోవడం చేతకాక, వారానికి మూడు రోజుల గుమాస్తా పనికి దరఖాస్తు పెడితే రమ్మన్నారు. డార్విన్‌లోనూ, దూరపు పల్లెల్లోనూ రోజూ మందులు వాడేవాళ్ళ జాబితాలు చూసే చిన్న ఆఫీసు. కింది అంతస్తులో మందుల పెట్టెలు, పై అంతస్తులో మేము.

మొదటి రోజు నా చేతికి ఒక కాగితాల కట్ట ఇచ్చారు. ప్రతి కాగితం మీదా ఒక మనిషి పేరు, కింద ఒకే ప్రశ్న: ఫ్లూ సూది వేయించుకున్నారా? అవును, లేదా కాదు. అవునన్నవాళ్ళు ఎందరో తేల్చాలి. అలవాటు ప్రకారం తెల్లకాగితం తీసి గీతలు మొదలుపెట్టాను. నాలుగు నిలువు, ఐదోది అడ్డం. కాసేపయ్యాక పక్కనుంచి మాట వినిపించింది.

"ఆంటీ, అవన్నీ కంప్యూటర్లో ఆల్రెడీ ఎక్కించేశారండీ."

తిరిగి చూశాను. తల ముగ్గుబుట్టలా ఉంది. ఒంటి మీద నల్ల ఉన్ని స్వెట్టరు. బయట ముప్పై మూడు డిగ్రీలు.

"ఎవరికి బాబూ ఆంటీని? మీ తల నా తలకంటే తెల్లగా ఉంది."

"అది ఏసీ దుమ్మండీ. వయసు యాభై ఒకటే. కావాలంటే రేపు పాస్‌పోర్ట్ తెస్తాను."

కుర్చీ ఇటు లాక్కొచ్చి తన తెర చూపించారు. అది లెక్కల వాళ్ళు వాడే ప్రోగ్రాం, పేరు ఆర్, ఒక్కటే అక్షరం. ఆ గడుల్లో ప్రతి మనిషికీ ఎదురుగా నిజం అనో అబద్ధం అనో ఇంగ్లీషులో ఉంది. ఆయన ఒక చిన్న మాట కొట్టి మీట నొక్కారు. మొత్తం వచ్చేసింది.

"ఏం చేశారు?"

"కూడమన్నానండీ."

"అవునుని ఎలా కూడతారు? మాటని కూడటమేమిటి?"

"మీరిందాకట్నుంచి చేస్తున్నదేంటాంటీ? అవును కనపడితే గీత గీశారు, కాదు కనపడితే పెన్ను పైకెత్తారు. గీతంటే ఒకటి. పెన్ను ఎత్తేస్తే సున్నా. ఇదీ అంతే చేస్తుంది, చెయ్యి నొప్పెట్టకుండా."

ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన పని అదేనని అప్పటిదాకా నాకు ఎవరూ చెప్పలేదు. సగటు కూడా తీసి చూపించారు. పదిమందిలో ఆరుగురు అవునంటే సగటు సున్నా పాయింట్ ఆరు. అంటే నూటికి అరవై. మాటలకు సగటు! నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ రోజు నుంచి ఆయన్ని మాస్టారూ అని పిలిచాను. ఆయన ఆంటీ మానలేదు.

ఆ కట్టలోనే ఒక కాగితం ఉంది. పేరుంది, జవాబు లేదు. దాన్ని కూడా కలిపి మళ్ళీ కూడమన్నారు. ఈసారి మొత్తం రాలేదు. తెలీదు అనే గుర్తు ఒకటి వచ్చి కూర్చుంది.

"ఇదేమిటి, ఒక్క ఖాళీకి మొత్తం చెడగొట్టింది? మొండిఘటంలా ఉందే."

"నిజాయితీ అండీ దానికి. ఒకళ్ళ సంగతి తెలీనప్పుడు మొత్తం తెలుసని ఎలా చెబుద్ది?"

ఖాళీలు వదిలేసి కూడమని చెప్పే వీలు కూడా ఆ ప్రోగ్రాంలో ఉంది. ఆయన అది వాడేవారు. కానీ వాడిన ప్రతిసారీ కాగితం నెత్తిన తన చేత్తో రాసేవారు: ఇంతమంది సంగతి తెలియదు. ఆ అంకె లేకుండా ఆయన బల్ల మీంచి ఒక్క కాగితం కదలగా నేను చూడలేదు.

దీనికి ఆయన చేతుల్లో ఒక భాష ఉండేది. ఒక వేలెత్తితే ఒకటి. పిడికిలి బిగిస్తే సున్నా. అరచెయ్యి వెల్లకిలా చాపితే తెలీదు. ఆఫీసు దాటినా ఆ భాషే. "టీ తాగుతారా మాస్టారూ?" అంటే వేలు. "నిన్న చర్చిలో ప్రసంగం బాగుందా?" అంటే ఒక్క క్షణం ఆలోచించి అరచెయ్యి. వాళ్ళింట్లో ఒకసారి భోజనానికి కూర్చున్నప్పుడు భార్య "చారులో ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే పిడికిలి చూపించి, ఆవిడ మొహం చూసి, మెల్లగా వేళ్ళు విప్పి అరచెయ్యి చేశారు.

ఆయన టిఫిన్ బాక్సులో రోజూ పప్పన్నం, వేయించిన ఎండుచేప. నేను చేప తిననని తెలిసిన రోజు నుంచి వెనక ఇనప మెట్ల మీద కూర్చుని తినేవారు, ఆ ఎండలో, ఆ స్వెట్టరుతోనే. లోపలికి రండి, నాకేమీ కాదు అంటే, "మీకు కాదాంటీ, మీ పెరుగన్నానికి కష్టం" అనేవారు. పాటలు పాడేవారు. శ్రుతి సంగతి నాకు తెలుసు గానీ ఇక్కడ రాయను.

ఇంకొక అలవాటు ఉంది. దాని కోసమే ఇదంతా రాస్తున్నాను. ఏ జాబితా తయారైనా సరే, లెక్క ఎంత సరిపోయినా సరే, ఆయన లేచి గది తలుపు మూసేవారు. జబ్బుల జాబితాలోని పేర్లు బయటివాళ్ళ చెవిన పడకూడదు. వచ్చి కూర్చుని ఎక్కడివో ఐదు వరుసలు తీసి, పేరూ ఊరూ జవాబూ పైకి చదివేవారు. బడిలో హాజరు పిలిచినట్టు. ఒక్కో పేరు దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని, ఆ మనిషికి ఆ జవాబు నప్పుతుందా అని చూసేవారు.

"లెక్క సరిపోయాక ఇదెందుకు మాస్టారూ?" అని నేను చాలాసార్లు దెప్పాను. "మా కాకినాడ ఆఫీసులో నా మొత్తం ఒక్కసారి కూడా తప్పలేదు."

"మీ మొత్తం తప్పదాంటీ. దాని లోపల మనుషులు అటూ ఇటూ అవుతారు."

మా టీమ్ లీడరు కూడా తెలుగువాడే. శ్రీకాంత్, హైదరాబాద్. అంత చిన్న ఆఫీసులో ముగ్గురం ఎలా చేరామో గానీ చేరాం. మంచివాడే, కాకపోతే ఎప్పుడూ గడియారంతో పరుగు. ఒకసారి ఏదో నివేదికలో ఖాళీలు ఉండి మొత్తం రాక, మాస్టారి బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, గా ఖాళీలల్ల సున్నాలు కొట్టెయ్యరాదే. రిపోర్ట్ ఇయ్యాల మూడింటికల్లా పోవాలె. పైనోళ్ళు నా పానం తీస్తున్నరు."

"సున్నా అంటే ఏంటి తమ్ముడూ? మనం అడిగాం, వాళ్ళు కాదన్నారు. వీళ్ళని అడిగావా?"

"నేనేడ అడుగుతనే?"

"మరి అడగనోళ్ళ తరఫున కాదని నువ్వెందుకు చెబుతున్నావు?"

"నీతోని మాట్లాడుడు నాదే తప్పు" అని శ్రీకాంత్ వెళ్ళిపోయాడు. మాస్టారు ఫోన్ తీసుకుని ఒక్కొక్కరికీ చేయడం మొదలుపెట్టారు. నివేదిక మూడింటికి వెళ్ళలేదు. నాలుగూ నలభైకి వెళ్ళింది, ఖాళీ లేకుండా.

ఇక నా తప్పు.

ఏటా నవంబరులో మాకు ఒక పెద్ద పని ఉండేది. ఇక్కడ వానలు మొదలైతే వాగులూ నదులూ పొంగి చాలా దారులు నెలల తరబడి మూసుకుపోతాయి. అందుకని నర్సులు ముందుగానే ఒక్కొక్కరినీ అడుగుతారు: వానల్లో మీకు క్లినిక్‌కి వెళ్ళే దారి మూసుకుపోతుందా? అవునన్నవాళ్ళకు మూడు నెలల మందులు తలా ఒక పెట్టెలో సర్ది ట్రక్కులో పంపాలి. పెట్టె అందకపోతే ఆ మనిషి మూడు నెలలు బీపీ మాత్ర లేకుండా, షుగరు మాత్ర లేకుండా, గుండె మాత్ర లేకుండా ఉండాలి. ఆ పేర్ల జాబితా తీయడం 2019లో నాకు అప్పగించారు. మాస్టారు అప్పుడు మేనల్లుడి పెళ్ళికి రెండు వారాల సెలవు మీద బాపట్ల వెళ్ళారు.

మొత్తం ఎనభై ఆరు మంది. అంతకుముందు ఏడాది జవాబులు నిజం, అబద్ధం అనే రూపంలోనే వచ్చాయి. అంకెల్లోకి మార్చమంటే ఒకటి, సున్నా అయ్యాయి. ఒకటి వచ్చినవాళ్ళకు పెట్టె. ఆ ఏడాది నర్సులకు కొత్త ట్యాబ్లెట్లు ఇచ్చారు. వాటిలోంచి యెస్, నో అనే మాటలు వచ్చాయి. మాటలు వస్తే ఆ ప్రోగ్రాం వాటిని రెండు రకాలుగా విడదీసి, ఇంగ్లీషు అక్షరాల వరసలో పెట్టుకుంటుంది. నో ముందు, యెస్ వెనక. అంకెల్లోకి మార్చమంటే మొదటి రకానికి ఒకటి, రెండో రకానికి రెండు ఇస్తుంది. నేను కొత్త గడుల మొహం చూడకుండా కిందటేటి ఆజ్ఞలే మళ్ళీ నడిపాను. అంకెల్లోకి మార్చు, ఒకటి వచ్చినవాళ్ళని తియ్యి. అది చెప్పినట్టే చేసింది. దారి మూసుకుపోదు అన్నవాళ్ళందరినీ తీసి ఇచ్చింది.

ముప్పై ఎనిమిది పేర్లు వచ్చాయి. కిందటేడు ముప్పై తొమ్మిది. ఒక్కటే తేడా. అనుమానం రాకపోగా సంతోషించాను. ఖాళీలు వదిలి ఆ అంకెల్ని నిలువునా కూడి ఉంటే నూట ఇరవై వచ్చేది. ఎనభై ఆరు మందిలో నూట ఇరవై మంది అవునన్నారా అని అక్కడే పట్టుకునేదాన్ని. బతుకంతా కూడినదాన్ని ఆ ఒక్క రోజు కూడలేదు. వరుసలు లెక్కపెడితే చాలనుకున్నాను. జాబితా కిందికి పంపాను. వాళ్ళు పెట్టెలు సర్దడం మొదలుపెట్టారు.

నవంబరు 19, మంగళవారం, మధ్యాహ్నం మూడూ నలభై. మాస్టారు ఆ రోజే సెలవు ముగించి వచ్చారు. ట్రక్కు గురువారం ఉదయం ఆరింటికి బయలుదేరాలి.

"ఐదు చదివారా ఆంటీ?"

"చదవలేదు. లెక్క సరిపోయింది. కిందటేటికి ఒకటి తక్కువ, అంతే."

లేచారు, తలుపు మూశారు, కూర్చున్నారు. మొదటి పేరు చదివారు. రెండోది చదివారు. మూడో పేరు చదివి ఆగిపోయారు.

"ఈయనకి దారి మూసుకుపోతుందా?"

"అలాగే వచ్చింది."

"ఆంటీ, ఈయన మా వీధి చివర చేపల షాపు మీద వాటాలో ఉంటాడు. పొద్దున నాతో బస్సెక్కుతాడు. ఈయనకి దారి మూసుకుపోవాలంటే ముందు డార్విన్ మునగాలి."

నవ్వుతూనే అన్నారు. నాలుగో పేరు చదివేటప్పటికి నవ్వు లేదు. ఐదోది చదవలేదు. కుర్చీ నా బల్ల వైపు జరిపి, "ఆ గడులు అసలు ఎలా ఉన్నాయో ఒకసారి చూద్దాం" అన్నారు. చూశాం. ఒకట్లు, రెళ్ళు. సున్నా ఒక్కటి కూడా లేదు. దారి మూసుకుపోయేవాళ్ళు నలభై ఒక్కమంది, ఒక్కరికీ పెట్టె లేదు. ఊళ్ళో బస్సెక్కేవాళ్ళకు కింద ముప్పై ఎనిమిది పెట్టెలు చీటీలంటించి సిద్ధంగా ఉన్నాయి.

కిందికి ఇద్దరం వెళ్ళాం. పెట్టెలు సర్దేవాళ్ళతో ఆయనే చెప్పారు, మా లెక్క తప్పింది, మళ్ళీ మొదట్నుంచి సర్దాలి అని.

"మా కాదు, నా లెక్క" అన్నాను.

"రెండో కన్ను నాది కదాంటీ. పెళ్ళి భోజనాలు తిన్న కన్ను" అని ఆ మాట అక్కడితో తుంచేశారు. తరవాత ఈ ఆరేళ్ళలో దాన్ని ఎన్నడూ ఎత్తలేదు, వేళాకోళానికి కూడా.

బుధవారం అంతా కింద పెట్టెలు మళ్ళీ సర్దారు. పైన ఆయన ఫోన్ పట్టుకున్నారు. ఎనభై ఆరు మందిలో ఏడుగురి ఫారాలు ఖాళీ. ఆరుగురు దొరికారు. నలుగురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఏడో ఆవిడ దొరకలేదు. నదికి అవతల, ఆ నది మీది పల్లపు వంతెన దాటాక ఒక చిన్న పల్లె. ఊరికంతటికీ ఒకటే పబ్లిక్ ఫోను. మోగుతుంది, మోగుతుంది, ఆగిపోతుంది. ఇరవై మూడుసార్లు చేశారు. పక్కన కూర్చుని నేను గీతలు గీశాను.

శ్రీకాంత్ వచ్చాడు. ఈసారి విసుగు లేదు, జాలిగా అన్నాడు. "అన్నా, ఒక పెట్టె ఎక్స్‌ట్రా పంపిద్దాం. లొల్లి ఉండదు."

"పంపుదాం. పెట్టెలో ఏం పెడదాం? కిందటేటి మందులా? మార్చారేమో. ఆవిడ అక్కడ ఉందో లేదో. అడగాలి కదా తమ్ముడూ."

"ఎట్ల అడుగుతవే?"

"ట్రక్కు అటే కదా వెళ్తోంది. నేనూ ఎక్కుతాను. శుక్రవారం రాత్రికి వచ్చేస్తాం."

నేను ఆయన మొహం కేసి చూశాను. ఆ ఆదివారం, నవంబరు 24, ఉదయం పదింటికి వాళ్ళమ్మాయి బాప్తిస్మం. పదిహేడేళ్ళ పిల్ల, ఒక్కతే కూతురు. సంఘంలో తన నోటితో సాక్ష్యం చెప్పి నీళ్ళలో మునిగి లేచే రోజు. బాపట్ల వెళ్ళేముందే నన్ను పిలిచారు. ఇక్కడ సముద్రంలో దిగితే మొసళ్ళు, విషపు జెల్లీచేపలు. అందుకని సంఘంలో ఒకరి ఇంటి వెనక ఈతకొలనులో ఇస్తారు. పిల్ల నీళ్ళలోంచి బయటికి వచ్చినప్పుడు తువ్వాలు కప్పేది నాన్న అని ఇంట్లో ఎప్పుడో అనుకున్నారట. కొత్త తువ్వాలు బాపట్ల నుంచి తనే తెచ్చారు.

"ఆదివారం ఉంది కదా మాస్టారూ?"

"శుక్రవారానికి వచ్చేస్తాను కదాంటీ."

గురువారం ఆరింటికి ట్రక్కు కదిలింది. నలభై ఐదు పెట్టెలు, ఏడో ఆవిడ కోసం అనుమానం మీద ఒకటి, మొత్తం నలభై ఆరు. శుక్రవారం డార్విన్‌లో చుక్క పడలేదు. నదికి పైన ఎక్కడో కురిసింది. మధ్యాహ్నానికి వంతెన మునిగింది. ట్రక్కు అవతల ఉండిపోయింది.

ఆదివారం నేను తొమ్మిదీ యాభైకి ఆ ఇంటికి చేరాను. పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలు, కొలను చుట్టూ పిల్లలు. పిల్ల తెల్ల బట్టల్లో కొలను అంచున నిలబడి పక్క గేటు వైపు చూస్తోంది. పాస్టరుగారు దగ్గరికి వెళ్ళి, "వచ్చే ఆదివారం పెట్టుకుందామా తల్లీ, నాన్నగారు వచ్చేస్తారు" అన్నారు.

"నో అంకుల్, ఇట్స్ ఓకే" అంది పిల్ల. గేటు వైపు చూడటం మాత్రం మానలేదు.

తల్లి ఫోన్‌తో వీడియో తీస్తోంది, ఆయనకి చూపించాలని. రెండు చేతులూ ఆ ఫోనుకే. తువ్వాలు ఎవరికివ్వాలో తోచక చుట్టూ చూసి నా చేతిలో పెట్టింది. "ఆంటీ, మీరు పట్టుకుంటారా? ప్లీజ్." నీలి అంచు తెల్ల తువ్వాలు. ఆ పిల్ల నీళ్ళలోంచి లేచి మెట్లెక్కి వస్తుంటే భుజాల చుట్టూ కప్పాను. పది గంటల ముప్పై ఒక్క నిమిషం. వణుకుతూ నన్ను గట్టిగా పట్టుకుంది. వాళ్ళ నాన్న ఆ ట్రక్కు ఎందుకెక్కాడో ఆ పెరట్లో నా ఒక్కదానికే తెలుసు. నేను ఎనభై ఆరు గడులు మొదటి రోజే సరిగ్గా చూసి ఉంటే, ఆ ఖాళీలు ఏడూ రెండు వారాల ముందే కనపడేవి. ఆ ఫోన్లన్నీ తీరిగ్గా అయ్యేవి.

ఆయన నవంబరు 30, శనివారం వచ్చారు. వెళ్ళిన రోజు, వచ్చిన రోజు కలిపితే పది రోజులు. సోమవారం తొమ్మిదింటికి ఆఫీసులో నాకంటే ముందున్నారు. మొహం ఎండకి కమిలిపోయింది. స్వెట్టరు వేసుకుని తెర ముందు కూర్చుని, ఆ ఎనభై ఆరు వరుసలు తెరిచి, ఏడో ఆవిడ గడి వెతుకుతున్నారు.

"కలిసిందా?"

"కలిసిందాంటీ. ఇంటి ముందు చాప మీద కూర్చుని ఉంది. అడిగాను. పెద్దగా నవ్వింది. ఈ ఒక్క ముక్క అడగడానికి నది దాటి వచ్చావా అని."

"ఏమంది?"

ఆయన పిడికిలి బిగించి చూపించారు.

"కాదందండీ. క్లినిక్‌కి ఆవిడ ఊరి నుంచి మెరక దారి ఉంది, వానల్లో కూడా మునగదంట. మందులు నెలనెలా మేనల్లుడు తెచ్చిపెడతాడంట. పెట్టె వద్దంది, వేరేవాళ్ళకివ్వండి అంది. టీ ఇచ్చింది. మర్నాడు వంతెన మునిగిందని తెలిసి చేప కాల్చి పంపింది."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పది రోజులు, ఒక ఆదివారం, ఒక తువ్వాలు. ఇంతా చేసి కాదని.

"పోనీ మాస్టారూ, ముందే సున్నా పెట్టేసినా అదే లెక్క వచ్చేది."

ఆయన మీట నొక్కబోతూ ఆగారు. నా వైపు తిరిగిన మొహంలో కోపం లేదు. మొదటి రోజు గీతల గురించి చెప్పినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

"అంకె ఒకటే ఆంటీ. అది మనం ఇక్కడ కూర్చుని పెట్టిన సున్నా అయ్యేది. ఇది అడిగి తెచ్చిన సున్నా."

గడి నింపారు. మొత్తం కూడమన్నారు. నలభై ఐదు. కాదన్నవాళ్ళు నలభై ఒకటి. రెండూ కలిపితే ఎనభై ఆరు. కాగితం నెత్తిన తన చేత్తో రాశారు: తెలియనివాళ్ళు ఎవరూ లేరు. తరవాత స్వెట్టరు సర్దుకుంటూ, తెర మీంచి చూపు తిప్పకుండా అన్నారు.

"తువ్వాలు మీరు కప్పారంట కదా. థ్యాంక్సండీ."

ఆ ఆదివారం గురించి ఆయన నాతో అన్నది ఆ ఒక్క వాక్యమే.

అడగాలని చాలాసార్లు అనుకున్నాను. 2022లో నేను పని మానేసిన రోజు అనుకున్నాను. ఆ పిల్ల చదువుకి, విమానంలో వెళ్ళాల్సినంత దూరాన ట్రుగనీనా అనే ఊళ్ళో వాళ్ళ పిన్ని ఇంటికి వెళ్ళిపోయినప్పుడు, ఎయిర్‌పోర్టు నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి గంటసేపు కూర్చున్నారు. అప్పుడూ అనుకున్నాను. ఆ ఆదివారం పోయినందుకు మీకు బాధ కలిగిందా మాస్టారూ? ఒకటా, సున్నానా? అంతకంటే పెద్ద ప్రశ్న కాదు. ఇరవై మూడుసార్లు ఫోన్ చేసి, నది దాటి అడిగిన మనిషిని నేను పక్క కుర్చీలో ఉండి అడగలేకపోయాను.

2025 మే 27, మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన పంతొమ్మిది నిమిషాలు కూర్చున్నాను. బాగా చిక్కిపోయారు. స్వెట్టరు దుప్పటి మీద పరిచి ఉంది.

"నొప్పిగా ఉందా మాస్టారూ?"

అరచెయ్యి వెల్లకిలా చాపారు. కాసేపటికి మెల్లగా అడిగారు.

"ఐదు చదువుతున్నారా ఆంటీ?"

"చదువుతున్నాను. తెలుగు సంఘం భోజనాల జాబితాకి కూడా చదువుతున్నాను. నలుగురు శాకాహారులకి కోడి కూర రాశారు, పట్టుకున్నాను."

నవ్వారు. ఒక వేలెత్తారు. నా ప్రశ్న నోటిదాకా వచ్చింది. ఆయన కళ్ళు మూసుకున్నారు, నిద్రపట్టింది. లేపలేదు.

అంత్యక్రియల రోజు ఆయన భార్య నా పక్కన వచ్చి కూర్చుంది. నీలి అంచు తువ్వాలు ఆవిడ ఒళ్ళో మడతపెట్టి ఉంది. దాని మడత సరిచేస్తూ అడిగింది.

"ఆంటీ, అమ్మాయి బాప్తిస్మం మిస్సయ్యారు కదా. దాని గురించి మీతో ఏమన్నా అనేవారా?"

"లేదమ్మా. నీతో?"

"నాతోనూ అనలేదు. ఆ వీడియో మాత్రం ఫోన్లో ఉంచుకున్నారు. చూసేవారో లేదో తెలీదు."

ఆ ట్రక్కు ఆయన ఎందుకెక్కవలసి వచ్చిందో అక్కడే ఆవిడకి చెప్పాను, గడులతో సహా. మొత్తం విని నా చెయ్యి పట్టుకుంది.

ఆ రోజు ఇంటికి వచ్చి డైరీ తీసి పట్టిక వేశాను. ఆ నవంబరులో మందు అందకుండా పోయినవాళ్ళు: సున్నా. ఇది అడిగి రాసింది. మరుసటి మార్చిలో ఆయనా నేనూ నలభై ఐదు మందికీ వార్త పంపి కనుక్కున్నాం. వాడకుండా తిరిగి వచ్చిన పెట్టె: ఒకటి. తండ్రి లేకుండా గడిచిన ఆదివారం: ఒకటి. తలుపు మూసి ఐదు పేర్లు చదివే మనిషి: ఒకరు. ఆ ఆదివారానికి ఆయన బాధపడ్డారా: అడగలేదు. ఆ గడి ఖాళీగా ఉంచాను.

కింద మొత్తం వేయలేదు.